పన్నెండు డిగ్రీల సోడా

ఆ బుధవారం పొద్దున రసూల్ పెట్టుకున్న పనులు రెండే. ఒకటి, కూతురు ఉజ్మా సైన్సు సామాను సోడా బండి మీద హైస్కూలుకు చేర్చడం. రెండు, పదకొండుకల్లా దుకాణానికి తిరిగొచ్చి మాజీ సర్పంచి కోటేశ్వరరావు గారింటి పెళ్ళికి సీసాలు కడగడం మొదలుపెట్టడం. ఈ రెండు పనులకూ ఒకదానితో మరొకదానికి ఏ సంబంధమూ లేదని అతను నమ్మాడు. పాపం, ఆ పొద్దున ఊరంతా అలాగే నమ్మింది.

దాచేపల్లి బస్టాండు పక్కనున్న ఆ సోడా దుకాణం రసూల్ తండ్రి పెట్టింది. కూల్‌డ్రింకులు వచ్చాక మిగతా సోడా వాళ్ళంతా సిమెంటు ఫ్యాక్టరీల్లో పనికి కుదురుకున్నా, రసూల్ మాత్రం గోళీ సోడాను వదల్లేదు. గోడవారన గొలుసుతో కట్టిన గ్యాసు సిలిండరు, దానికి రబ్బరు గొట్టంతో కలిపిన చేతి మిషను, చెక్క పెట్టెల్లో ఆకుపచ్చ సీసాలు, ఇదీ అతని ఆస్తి. నీళ్ళు పోసిన సీసాను మిషనుకు బిగించి తిప్పితే గ్యాసు నీళ్ళలో కలుస్తుంది, లోపలి గోళీ మూతికి అడ్డంగా బిగుసుకుంటుంది. నాలుగేళ్ళుగా బేరాలు సన్నగిల్లి, ఈ ఎండాకాలం గట్టెక్కితే చాలనుకునే స్థితికి వచ్చాడు.

అలాంటి సమయంలో కోటేశ్వరరావు గారి మనవరాలు అమూల్యకు పెళ్ళి కుదిరింది. పెళ్ళిలో పాతకాలపు గోళీ సోడా స్టాలు ఉండి తీరాలని ఆ పిల్ల పట్టుబట్టింది. సోమవారం పెళ్ళి, ఆరువందల సోడాలు. మాచర్ల నుంచి నరసరావుపేట దాకా పేరున్న వాళ్ళంతా ఆ పందిట్లో ఉంటారు. వాళ్ళకు సోడా నచ్చితే ఏడాదంతా పెళ్ళిళ్ళ పిలుపులే. స్టాలు తప్పిపోతే దుకాణానికి తాళం వేసి బస్తాలు మోయడానికి వెళ్ళాల్సిందేనని రసూల్‌కూ తెలుసు, అతని భార్య సాజిదాకూ తెలుసు. అందుకే ఇద్దరూ ఆ మాట పైకి అనుకోకుండా వారం రోజులుగా తిరుగుతున్నారు.

ఉజ్మా తొమ్మిదో తరగతి. ధరిత్రి దినోత్సవానికి స్కూల్లో ప్రదర్శన పెడుతున్నారని సాజిదా పచ్చడి జాడీలకు దాచుకున్న రెండు గాజు సీసాలు కాజేసింది. ఒకదాంట్లో మామూలు గాలి. రెండోదాంట్లో నాన్న సిలిండరు నుంచి పట్టిన గ్యాసు, అంటే కార్బన్ డయాక్సైడ్. రెండిటి మూతల్లోంచి రెండు థర్మామీటర్లు దిగేసి అరగంట ఎండలో పెట్టి చూడటమే ప్రయోగం. ముందురోజే డాబా మీద చేసి చూస్తే గ్యాసు సీసాలో రెండు డిగ్రీలు ఎక్కువ చూపించింది.

"రెండేనా?" అన్నాడు రసూల్, ఎవరో బాకీ సగమే ఇచ్చినట్టు.

"రెండే నాన్నా. ఈ గ్యాసు దుప్పటి లాంటిది. లోపలికొచ్చిన వేడిని తొందరగా బయటికి పోనియ్యదు. గాల్లో ఇది పెరిగేకొద్దీ భూమి వేడెక్కిద్ది. సరిగ్గానే వచ్చింది."

"సరిగ్గా వస్తే ఎవరిక్కావాలమ్మా? చూసినోళ్ళు అబ్బో అనాలి. రెండు డిగ్రీల తేడా మనూళ్ళో ఈ వైపు నుంచి ఆ వైపుకు రోడ్డు దాటితే వచ్చిద్ది."

"సైన్సులో అబ్బో అనేది ఉండదు నాన్నా. వచ్చింది రాసుకోటమే," అంది ఉజ్మా పుస్తకంలో రాసుకుంటూ.

రసూల్ ఊరుకున్నాడు గానీ అతని మనసు ఊరుకోలేదు. పోయినేడు ఇలాగే ప్రదర్శన పెడితే పైనుంచి వచ్చిన విద్యాశాఖ ఆఫీసరు ఉజ్మా బల్ల దగ్గర ఆగకుండానే వెళ్ళిపోయాడు. పిల్ల రెండు రోజులు అన్నం కెలుకుతూ కూర్చుంది. ఆ కంచం అతనికింకా కళ్ళముందే ఉంది.

బుధవారం స్కూల్లో పిల్లలంతా ప్రార్థనకు వెళ్ళిన సమయంలో వరండా అంచున, ఎండ పడేచోట, రెండు సీసాలూ రసూలూ మిగిలారు. సోడా మనిషికి వేడి చేయడం రాదు. చల్లబరచడం మాత్రం వెన్నతో పెట్టిన విద్య. బండిలో సోడాల మీద కప్పే తడి గోనె ముక్క ఒకటి తీశాడు. మామూలు గాలి సీసా వెనక సగానికి దాన్ని చుట్టాడు. పైన ఉజ్మా అలంకరణకు తెచ్చుకున్న నీలం కాగితం కప్పాడు. అనుమానం రాకుండా గ్యాసు సీసాకు కూడా కాగితం చుట్టాడు, గోనె లేకుండా. ఉజ్మా వచ్చి, "ఇదేంది నాన్నా?" అంటే, "ముచ్చటగా ఉండిద్దని," అన్నాడు. అది పూర్తిగా అబద్ధం కాదని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు.

పదిన్నరకు ఆఫీసరు వచ్చాడు. వెంట సైన్సు టీచరు గ్రేస్, ఊళ్ళో ఒక పేపరుకు వార్తలు రాసే జయకర్. ఆఫీసరు వంగి థర్మామీటర్లు చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. మామూలు గాలి ముప్పై నాలుగు. గ్యాసు నలభై ఆరు.

"పన్నెండు డిగ్రీలా!" అన్నాడు.

అందరికన్నా ఎక్కువ ఆశ్చర్యపోయింది ఉజ్మా. "సార్, ఇంటికాడ రెండే వచ్చిందండీ," అంది భయంగా.

"చూశారా గ్రేస్ గారూ, పిల్లకి ఎంత వినయమో! ఇంటికాడ ఎండ తక్కువమ్మా. అవునుగానీ ఈ తడేంటి ఇక్కడ?"

నీలం కాగితం అంచు నుంచి ఒక్కో చుక్కా బల్ల మీద పడుతోంది. రసూల్ గబగబా అరచేత్తో తుడిచేశాడు. "సీసాకి చెమట పట్టింది సార్," అన్నాడు.

"గాలి సీసాకి చెమటా?"

"ఈ ఎండలకి అన్నిటికీ పడతంది సార్."

ఆఫీసరు తన మెడ తుడుచుకుని అది నిజమేనని ఒప్పుకున్నాడు. "ఈ గ్యాసు ఎక్కడ దొరికిందమ్మా?" అని అడిగాడు. "మా నాన్న సోడాల్లో కలిపేదేనండీ," అంది ఉజ్మా. జయకర్ పెన్ను చకచకా కదిలింది. శనివారం నరసరావుపేటలో జిల్లా ప్రదర్శన ఉందనీ, సెలవులైనా సరే ఉజ్మా అక్కడికి రావాలనీ ఆఫీసరు అక్కడికక్కడే ప్రకటించాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. రసూల్ అందరికంటే గట్టిగా కొట్టాడు. అప్పుడు ఒక్కసారి కూతురి ముఖంలోకి చూసి ఉంటే ఆమె చప్పట్ల వంక కాక థర్మామీటరు వంక చూస్తోందని తెలిసేది.

గురువారం పేపరు వచ్చింది. 'సోడా గ్యాసుతో పన్నెండు డిగ్రీల సెగ! దాచేపల్లి బాలిక ప్రయోగంలో వెల్లడి' అని హెడ్డింగు. కింద ఫొటోలో ఉజ్మా, సీసాలు, వాటి వెనక 'రసూల్ సోడా' అని రంగుల్లో రాసిన బండి. ఫోను నంబరుతో సహా స్పష్టంగా పడింది. అచ్చులో తన పేరు చూసుకోవడం రసూల్‌కు అదే మొదటిసారి. దుకాణం గోడకు అంటించడానికి మైదాపిండి జిగురు కూడా కలిపాడు. జిగురు ఆరకముందే మొదటి మనిషి వచ్చాడు.

అతను పిడుగురాళ్ళ బస్సు కండక్టరు. రోజూ పొద్దున్నే నిమ్మకాయ సోడా తాగనిదే టిక్కెట్లు కొట్టడు. ఆ రోజు దూరంగా నిలబడ్డాడు. "ఏందన్నా, ఈ యేడు ఎండలకి కారణం నువ్వేనంట గదా?"

రసూల్ నవ్వాడు. కండక్టరు నవ్వలేదు.

తొమ్మిదింటికి, రసూల్‌కు వరసకు ఖాలా, అంటే పిన్ని అయ్యే హజ్రా బీ వచ్చింది. కడుపుబ్బరానికి రోజూ ఉప్పు సోడా తాగే మనిషి. వచ్చీరావడంతోనే కుర్చీలో కూలబడింది. "ఒరేయ్ రసూలూ, పద్దెనిమిదేళ్ళ నుంచి తాగతన్నా గదరా నీ సోడా. రోజుకు పన్నెండు డిగ్రీల చొప్పున నా ఒంట్లో ఎంత చేరిందో చెప్పరా."

"అట్టా చేరదు ఖాలా. త్రేన్పుకి పోయిద్ది."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. పక్కన టీ తాగుతున్న నలుగురూ విన్నారు. పదింటికల్లా బస్టాండులో కొత్త కలవరం మొదలైంది. సోడా తాగినవాడు త్రేన్చితే గ్యాసంతా బయటికొచ్చి చుట్టుపక్కల వాళ్ళకు సెగ తగులుతుందట. కారంపూడి ఆటోలో ఒక పెద్దాయన పొద్దున తిన్న మినపగారెలకు త్రేన్చితే, మిగతా ఐదుగురూ ఆటో ఆపి దిగేశారు. ఆయన సోడా తాగలేదని ఒట్టేసినా ఎవరూ వినలేదు. సున్నపు బట్టీ నడిపే ఒకాయన, వెనక బట్టీ గొట్టం భగభగా పొగ కక్కుతుంటే, "ఇంత వేడి ఎక్కడి నుంచి వస్తందా అనుకుంటన్నా, ఈ సోడావోడి పనా!" అని లారీ డ్రైవర్లకు చెప్పాడు.

మధ్యాహ్నానికి కిళ్ళీ కొట్ల వాళ్ళు పెట్టెలకు పెట్టెలు తిరిగి తెచ్చి పడేశారు. పంచాయతీ నుంచి ఇద్దరొచ్చి సిలిండరును అన్ని వైపుల నుంచీ ఫోన్లలో ఫొటోలు తీసుకుని, ఊరి బయటకు మార్చాలేమో ఆలోచిస్తామని వెళ్ళారు. రసూల్ నోరు తెరిచి, "అది గ్యాసు తప్పు కాదు, గోనె తప్పు," అని చెప్పబోయి ఆగిపోయాడు. చెబితే గోనె ఎవరు పెట్టారంటారు. అది ఉజ్మా ఫొటో ఉన్న పేపరు. రేపు అదే పేపర్లో అదే ఫొటో వేసి మోసం అని రాస్తారు.

మూడు గంటలకు కోటేశ్వరరావు గారి ఫోను.

"ఏరా రసూలూ, మాచర్ల నుంచి మగపెళ్ళివోళ్ళు పేపరు పంపిచ్చారు. ఏందిరా ఇది?"

"అది చిన్నపిల్లల ప్రయోగం బాబాయ్..."

"చిన్నదేందిరా! నేను లెక్కేశా. ఒక్కో దాంట్లో పన్నెండు. ఆరొందల సోడాలకి ఏడువేల రెండొందల డిగ్రీలు. పందిరి నిలిచిద్దా?"

"డిగ్రీలు అట్టా కూడరు బాబాయ్."

"కూడకపోతే పేపర్లో ఎందుకేస్తారు? ఇదిగో, శనివారం నరసరావుపేటలో ఆ ప్రదర్శనకి నన్నూ స్టేజీ మీదికి పిలిచారు. నా కళ్ళతో చూస్తా. అక్కడ పన్నెండు చూపించిందా, నీ స్టాలు లేదు. మజ్జిగోడికి చెప్పేస్తా."

రసూల్ ఫోను పెట్టేసి సిలిండరు పక్కనే కింద కూర్చున్నాడు. శనివారం గోనె పెడితే పన్నెండు వస్తుంది, పెళ్ళి స్టాలు పోతుంది, దుకాణం పోతుంది. గోనె పెట్టకపోతే రెండే వస్తుంది, జిల్లా అంతటి ముందు కూతురు దొంగ లెక్క చెప్పిన పిల్ల అవుతుంది. ఏ వైపు తిరిగినా గోడే.

ఇంటికి వెళ్తే ఇంకో రకం నరకం. ఉజ్మా డాబా మీద మండుటెండలో తలకు చున్నీ చుట్టుకుని సీసాల ముందు కూర్చుంది. పక్కన పుస్తకం. రెండు, రెండు, మూడు, రెండు, రెండు అని వరసగా అంకెలు.

"నాన్నా, ఆ పది డిగ్రీలు ఎక్కడికి పోయినయ్యి?" అంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. "ఎన్నిసార్లు చేసినా రాటంలా. స్కూల్లో నేను తప్పు చదివానేమో. నా వల్ల నీ సోడాలు కూడా పోయినయ్యంట గదా, అమ్మ చెప్పింది."

"నీ వల్ల కాదమ్మా," అన్నాడు రసూల్. మిగతాది చెప్పకుండానే కిందికి దిగాడు.

శుక్రవారం నమాజు నుంచి వచ్చేసరికి సాజిదా వాకిట్లో నిలబడి ఉంది. చేతిలో గోనె ముక్క. బండి కడుగుతుంటే దొరికిందట. దాని మీద నీలం రంగు ముద్దగా అంటుకుని ఉంది.

"గోనెకి నీలం రంగు ఏందయ్యా?"

రసూల్ మొహం తిప్పుకుని టోపీ మడతపెట్టసాగాడు. పదిహేడేళ్ళ కాపురంలో అతను మొహం తిప్పుకుంటే ఏమనుకోవాలో సాజిదాకు తెలుసు.

"దానికి చెప్పు," అంది మెల్లగా.

"చెప్తే నా మొహం చూసిద్దా?"

"చెప్పకపోతే అది అద్దంలో దాని మొహం చూసుకోదు. అన్నం ముట్టలా రెండు పూట్ల నుంచి."

అదే అన్నం, అదే కంచం. పోయినేడు రెండు రోజులు కెలికింది, ఈ ఏడు అసలు ముట్టలేదు. తను చేసిన సాయం ఇదన్నమాట అనుకున్నాడు రసూల్. అయినా చెప్పలేదు. శనివారం పొద్దున నరసరావుపేట బస్సెక్కినప్పుడు ఉజ్మా ఒళ్ళో రెండు సీసాలున్నాయి. రసూల్ సంచిలో తడిపిన గోనె ఉంది. దాన్ని బయటికి తీస్తాడో లేదో అతనికే తెలియదు.

ప్రదర్శన ఒక పెద్ద హాలు ముందున్న ఖాళీ స్థలంలో పెట్టారు. ఉజ్మా సీసాలను ఎండలో ఉంచి, పుస్తకం పక్కన పెట్టి, పేరు రాయించుకోవడానికి వెళ్ళింది. చుట్టూ ఎవరూ లేరు. రసూల్ చెయ్యి సంచిలోకి వెళ్ళింది. తడి గోనె చల్లగా తగిలింది. దుకాణమా, పిల్లా అని మూడు రోజులుగా కొట్టుకుంటున్నాడు గదా, ఆ క్షణంలో పిల్ల వైపే మొగ్గాడు. దుకాణం పోతే పోయింది, పన్నెండు చూపిద్దాం అనుకుని గోనె సగం బయటికి లాగాడు. అప్పుడు పుస్తకం కనబడింది. తొమ్మిది అంకెలు. చివర, చిన్న అక్షరాలతో: 'నేను ఎక్కడ తప్పు చేశాను?'

గోనె మళ్ళీ సంచిలోకి వెళ్ళింది.

అరగంట గడిచింది. ముందు ఆఫీసరు, అతని పక్కన ఖద్దరు చొక్కాలో కోటేశ్వరరావు, వెనక ఫోను పట్టుకుని వీడియో తీస్తూ జయకర్. న్యాయనిర్ణేత హన్నమ్మ గారు, కాలేజీలో ఫిజిక్సు లెక్చరరు. ఆఫీసరు ఆమెకు ముందే చెప్పుకొచ్చాడు, "చూడండి మేడమ్, కళ్ళు తిరుగుతాయి." హన్నమ్మ గారు వంగి చూశారు. మామూలు గాలి నలభై మూడు. గ్యాసు నలభై ఐదు.

"రెండు," అన్నారు.

ఆఫీసరు ముఖం పాలిపోయింది. "మొన్న పన్నెండు వచ్చిందిగా అమ్మాయ్!"

ఉజ్మా పుస్తకం తెరిచి చూపించింది. "వచ్చింది సార్. ఎందుకొచ్చిందో నాకు తెలీదు. ఇంటికాడ తొమ్మిదిసార్లు చేశా. రెండే వస్తంది, ఒక్కసారి మూడు. మొన్నటిది తప్పు సార్. తప్పు నాదే."

"దానిది కాదు!"

అరిచింది తనేనని రసూల్‌కు ఒక క్షణం తర్వాత గానీ తెలియలేదు. జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చి సంచిలోంచి గోనె బయటికి లాగాడు. నీళ్ళు ధారగా ఆఫీసరు బూట్ల మీద పడ్డాయి.

"ఇదండీ ఆ పది డిగ్రీలు. మామూలు సీసాకి ఇది నేనే చుట్టా. గ్యాసు సీసా వేడెక్కలా, పక్క సీసా చల్లబడింది. పిల్లకి తెలవదు. రెండంటే ఎవరూ ఆగి చూడరని... నా బిడ్డ బల్ల కాడ ఒక్కసారన్నా ఎవరన్నా ఆగాలని చేశా సార్. నన్నేం చేసినా సరే, దాన్ని అనమాకండి."

రసూల్ కూతురి వైపు చూడలేక నేల చూస్తున్నాడు. ఇక స్టాలూ లేదు, పరువూ లేదు, మిగిలిందల్లా ఈ గోనె ముక్క అనుకున్నాడు.

ముందుగా నోరు విప్పింది కోటేశ్వరరావు. "అంటే... ఈ గ్యాసుకి పన్నెండు రాదా?"

"రాదు బాబాయ్. రెండే."

"రెండేనా!" కోటేశ్వరరావు పొట్ట కదిలేలా నవ్వాడు. "హారి నీ! రెండు డిగ్రీలకా మూడ్రోజుల నుంచి నాకు నిద్ర లేంది?"

ఆ నవ్వు ఒకరి నుంచి ఒకరికి పాకింది. రెండేనంట, రెండేనంట అని వెనక వరసల దాకా వెళ్ళింది. జయకర్ వీడియో హాలు గేటు దాటకముందే దాచేపల్లి బస్టాండుకు చేరింది. రసూల్ జేబులో ఫోను మోగడం మొదలుపెట్టింది. కిళ్ళీ కొట్ల వాళ్ళు, కండక్టరు, హజ్రా బీ కోడలు, అందరికీ సోడాలు కావాలి.

"నవ్వకండి," అన్నారు హన్నమ్మ గారు. "ఈ సోడాల గ్యాసు చిటికెడు. బొగ్గూ పెట్రోలూ సున్నపురాయీ కాల్చి మనం గాల్లోకి వదిలేది కొండంత. నూటయాభై ఏళ్ళ నుంచి అట్టా కాలిస్తే భూమి మొత్తం మీద పెరిగిన వేడి ఒకటిన్నర డిగ్రీకి దగ్గర్లో ఉంది. దానికే మనం ఇట్టా ఉడుకుతున్నాం. రెండంటే ఏంటో ఈ పిల్ల తొమ్మిదిసార్లు కొలిచి చెబుతోంది, కాస్త వినండి."

"చానా బాగా చెప్పారు మేడమ్," అని కోటేశ్వరరావు భక్తిగా దణ్ణం పెట్టి రసూల్ వైపు తిరిగాడు. "ఒరేయ్, ఆరొందలు చాలవు. ఎండలు చూస్తంటే వెయ్యి పట్టు."

వచ్చేపోయేవాళ్ళకు నమస్కారం పెట్టే మరబొమ్మ మొదటి బహుమతి కొట్టేసింది. ఉజ్మాకు ఏమీ రాలేదు. హన్నమ్మ గారు మాత్రం పుస్తకం అడిగి తీసుకుని, తొమ్మిది అంకెలూ చదివి, చివరి ప్రశ్నను కొట్టేసి, కింద సంతకం పెట్టి ఇచ్చారు.

తిరుగు బస్సు పిడుగురాళ్ళ దాటింది. రసూల్ రెండుసార్లు గొంతు సవరించుకుని, మూడోసారి, "తప్పయిపోయిందమ్మా," అన్నాడు. కిటికీలోంచి వేడిగాలి మొహానికి కొడుతోంది. దూరంగా సున్నపు బట్టీల పొగ గొట్టాలు కనబడుతున్నాయి.

"నాకు కోపం అందుక్కాదు. రెండేనా అన్నావు చూడు, అందుకు," అంది ఉజ్మా చివరికి. "నాన్నా, పోయినేడు నాకు జొరమొచ్చింది గుర్తుందా? సెంటీగ్రేడులో ఎంతుంది అప్పుడు?"

"ముప్పై తొమ్మిది. ఆ రోజు నేను దుకాణమే తియ్యలా. రాత్రంతా తడిగుడ్డలేసుకుంటా కూర్చున్నాం నేనూ మీయమ్మా."

"మామూలుగా ఎంతుండాల?"

"ముప్పై ఏడు," అన్నాడు రసూల్.

అని, మనసులో ముప్పై తొమ్మిదిలోంచి ముప్పై ఏడు తీసేసి చూసుకున్నాడు. మళ్ళీ తీసేసి చూసుకున్నాడు. మూడు రోజులుగా అతన్ని తిన్న భయం ఆ పొద్దుటితో తీరిపోయింది గదా, దాని స్థానంలో ఇంకోటి వచ్చి కూర్చుంది. ఇది దుకాణం గురించి కాదు. దీనికి ఎవరి ముందు నిలబడి తప్పు ఒప్పుకోవాలో కూడా తెలియదు. ఉజ్మా అతని భుజానికి తల ఆనించి నిద్రపోయింది. ఆమె నుదుటి మీద చెయ్యి వేసి చూశాడు. చల్లగానే ఉంది. దాచేపల్లి వచ్చేదాకా ఆ చెయ్యి తీయలేదు.

ఆదివారమంతా ఇంటిల్లిపాదీ సోడాలు పట్టారు. సోమవారం రెంటచింతలలో నలభై ఏడు డిగ్రీలన్నారు, పందిట్లో అంతకన్నా తక్కువేం లేదు. తలంబ్రాలకు ముందే ఏడువందల సోడాలు ఖాళీ అయ్యాయి. మాచర్ల పెద్దలు ముగ్గురు తమ ఇళ్ళ పెళ్ళిళ్ళకు తేదీలు చెప్పి నంబరు రాసుకెళ్ళారు. రసూల్ గోళీలు నొక్కుతూనే ఉన్నాడు. జీవితంలో మొదటిసారి, బేరం ఇంత జోరుగా ఉండగా, ఎండ కాస్త తగ్గితే బాగుండునని కోరుకున్నాడు. పక్కన ఉజ్మా స్టాలు గుంజకు తన థర్మామీటరు వేలాడదీసింది. దాన్ని చూడటానికి ఎవరూ ఆగలేదు.

కోటేశ్వరరావు నాలుగో సోడా ఎత్తి, దీర్ఘంగా త్రేన్చి, కండువాతో మెడ తుడుచుకున్నాడు. "ఏందిరా రసూలూ ఈ ఎండ! నా చిన్నప్పుడు ఇట్టా లేదే. ఎందుకంటావ్?"

రసూల్ ఉజ్మా వంక చూశాడు. ఉజ్మా థర్మామీటరు వంక చూసింది. ఇద్దరిలో ఎవరైనా జవాబు చెప్పేలోగా ఆయన చేతిలో ఉన్న ఆ రోజు పేపరు మడిచి గబగబా విసురుకోవడం మొదలుపెట్టాడు.

పైకి వచ్చిన పేజీలో, వడదెబ్బ మరణాల వార్త కింద, జయకర్ రాసిన సవరణ రెండు వరసల్లో పడింది: 'సోడా గ్యాసుతో పెరిగేది రెండు డిగ్రీలే, ప్రజలు ఆందోళన చెందనవసరం లేదు.'